కారు పక్కన, డాబా మీద, పొలంలో: హ్యామ్ యాంటెన్నా మాస్ట్‌కి స్టాండు మనమే ఎలా చేసుకోవాలి

హ్యామ్ రేడియోలోకి, అంటే సరదాగా సొంత రేడియో స్టేషన్ నడిపే లైసెన్సుదారుల్లోకి, కొత్తగా కాల్‌సైన్ (గాలిలో మనల్ని గుర్తించే పేరు) వచ్చినవాళ్లు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే ఉంటోంది. "రిగ్ (రేడియో సెట్టు) ఉంది, బ్యాటరీ ఉంది, డైపోల్ (రెండు చేతుల వైరు యాంటెన్నా) కట్టుకున్నా, కానీ ఊరి బయటికెళ్తే దాన్ని దేనికి కట్టాలండీ?" అని. చెట్టుకి కట్టొచ్చు కదా అనుకుంటాం. కావాల్సిన చోట కావాల్సిన ఎత్తులో కొమ్మ ఉన్న చెట్టు నాకైతే చాలా తక్కువసార్లు దొరికింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు చూశాం, ఊరంతా చెట్లు కూలిపోయాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. రేడియో నిజంగా అవసరమయ్యే రోజున వైరు వేలాడదీయడానికి కొమ్మ కూడా మిగలదు, అందుకే మన మాస్ట్, అంటే యాంటెన్నాని ఎత్తున నిలబెట్టే గడ, మన దగ్గరే ఉండాలి అంటాను.

అయితే అందరూ మాస్ట్ ఎత్తు గురించే అడుగుతారు, 9 మీటర్లా 12 మీటర్లా అని. ఎవరూ దాని కాలు గురించి అడగరు. నేను చూసినంతలో పడిపోయిన మాస్టుల్లో గడ విరిగి పడ్డవి చాలా తక్కువ, మిగతావన్నీ కింద కాలు జారో, మేకు ఊడో, తాడు సాగో పడ్డవే. కాబట్టి ఇక్కడ ఎక్కువ భాగం కింది భాగం గురించే చెప్తాను.

40 మీటర్ల బ్యాండ్‌లో (7 మెగాహెర్ట్జ్ దగ్గర) మన ఆంధ్ర, తెలంగాణ లోపల పగటిపూట మాట్లాడుకోవడానికి ఇన్వర్టెడ్ వి (మధ్య పైకి, రెండు చివర్లు కిందికి కట్టిన డైపోల్) మధ్య భాగం 6 మీటర్ల ఎత్తులో ఉంటే సరిపోతుంది. ఆ ఎత్తులో సిగ్నల్ ఎక్కువగా నిటారుగా పైకి పోయి చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్లలో దిగుతుంది, మనకి కావాల్సిందీ అదే. 2 మీటర్ల బ్యాండ్‌లో రిపీటర్ (మన సిగ్నల్ అందుకుని మళ్లీ దూరం పంపే స్టేషన్) అందుకోవాలంటే మాత్రం ఎత్తు పనికొస్తుంది, కానీ అక్కడ యాంటెన్నా తేలిక, స్లిమ్ జిమ్ లాంటి నిలువు యాంటెన్నా అయితే మీటరున్నర పొడవే. అందుకని కింది కొలతలన్నీ 6 మీటర్ల మాస్ట్‌కి చెప్తున్నా. ఇంకా ఎత్తు కావాలంటే ముందు ఇది నాలుగైదుసార్లు లేపి దించి చూశాక ఆలోచించండి.

ముందుగా ఒక్క హెచ్చరిక, ఇది దాటేసి చదవొద్దు

మాస్ట్ ఎక్కడ నిలబెడతారో అక్కడ నిలబడి తల పైకెత్తి చుట్టూ చూడండి. కరెంటు తీగ ఏదైనా సరే మాస్ట్ ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో ఉండాలి, అంటే 6 మీటర్ల మాస్ట్‌కి 12 మీటర్లు. మాస్ట్ ఏ వైపు పడినా, దానికున్న వైరు ఎగిరి ఎటు పడినా తీగకి తగలకూడదు. పొలాల్లో తీగలు రెండు స్తంభాల మధ్య బాగా కిందికి వేలాడుతుంటాయి, ఆకాశం రంగులో కలిసిపోయి కనిపించవు, ముందు స్తంభాలు వెతికి తర్వాత వాటి మధ్య తీగ ఎటు పోతోందో చూసుకోండి. ఫైబర్ గడ కదా షాక్ కొట్టదు అనుకోవద్దు, దానికి కట్టింది రాగి వైరే. చోటు అనుమానంగా ఉంటే చోటు మార్చండి, దీనిలో సర్దుకుపోవడం లేదు.

ఏం కావాలి

నేను మూడు రకాల స్టాండ్లు వాడతాను: కారు చక్రం కింద పెట్టే ఇనుప ప్లేటు, డాబా మీదకి బకెట్టు, పొలంలో అయితే గునపం. మూడూ చేసుకోనక్కర్లేదు. మీరు ఎక్కువగా ఎక్కడికెళ్తారో చూసుకుని ఒకటి చేసుకోండి. కారున్నవాళ్లకి ప్లేటే మంచిదని నా అభిప్రాయం, అందుకే దాని గురించి వివరంగా చెప్తా.

ప్లేటు స్టాండుకి:
- 8 ఎంఎం మందం ఇనుప ప్లేటు, 60 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు. బరువు తొమ్మిదిన్నర కిలోల దాకా వస్తుంది. పాత ఇనుప షాపులో ముక్కగా దొరుకుతుంది, కొత్తది కొననక్కర్లేదు.
- ఒకటింపావు అంగుళం మీడియం జీఐ పైపు, 75 సెంటీమీటర్ల ముక్క ఒకటి, 40 సెంటీమీటర్ల ముక్కలు రెండు
- ఒక అంగుళం మీడియం జీఐ పైపు ఒక ఫుల్ లెంగ్త్, అంటే 6 మీటర్లు, దాన్ని 2 మీటర్ల చొప్పున మూడు ముక్కలు కోయించాలి
- మూల పట్టీలకి అదే ప్లేటులోంచి కోసిన త్రికోణం ముక్కలు నాలుగు
- 10 ఎంఎం బోల్టులు రెండు, వాటికి నట్లు, 8 ఎంఎం బోల్టులు నాలుగు
- రెడ్ ఆక్సైడ్, పైన వేయడానికి పసుపో ఆరెంజో కళ్లకి కొట్టొచ్చే రంగు

అన్నిటికీ కామన్‌గా: 5 లేదా 6 ఎంఎం పాలిస్టర్ తాడు 30 మీటర్లు, నేలలో కొట్టే మేకులకి 12 ఎంఎం ఊచ 60 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు, సుత్తి, కొలత టేపు, ఇన్సులేషన్ టేపు, పాత సైకిల్ ట్యూబు.

తాడు గురించి ఒక మాట. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, పొద్దున బిగించింది మంచు పడేసరికి వదులైపోతుంది. మార్కెట్లో చవకగా దొరికే ప్లాస్టిక్ తాడు ఎండకి పొడిపొడిగా ఊడిపోతుంది, ఒక ఎండాకాలం బయట పడి ఉన్న తాడుని చేత్తో నలిపి చూడండి, పొట్టు రాలుతుంది. అందుకే పాలిస్టర్ అంటున్నా.

పైపు సైజుల దగ్గరే అందరూ దెబ్బతింటారు

ఒకటిన్నర అంగుళం పైపులో ఒకటింపావు దూరుతుంది కదా అని రెండూ కొనుక్కొచ్చి, ఇంటికొచ్చాక దూరక, సుత్తితో కొట్టి, ఇరుక్కుపోయాక నాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. సైజు పేరు వేరు, అసలు కొలత వేరు. ఒకటింపావు పైపు బయటి కొలత 42.4 ఎంఎం. ఒకటిన్నర మీడియం పైపు బయట 48.3 ఉంటుంది, గోడ మందం రెండు వైపులా తీసేస్తే లోపల 41.8. అంటే అర ఎంఎం పైన తేడాతో దూరదు. అదే ఒక అంగుళం పైపు బయట 33.7, ఒకటింపావు మీడియం లోపల 35.9, రెండు ఎంఎం వదులుతో చక్కగా దూరుతుంది. అందుకే పైన ఈ జోడీ రాశాను. షాపుకెళ్లినప్పుడు అక్కడే ఒకదాంట్లో ఒకటి పెట్టి చూడండి, పైపు లోపల అతుకు గీత పొడుచుకుని ఉంటుంది, అది కూడా అడ్డం పడొచ్చు. మీడియం అని అడిగి తీసుకోండి, లైట్ పైపు కొలతలు వేరే.

చక్రం కింద ప్లేటు స్టాండు

1. ప్లేటు నాలుగు మూలలూ గ్రైండర్‌తో గుండ్రంగా చేయించండి. పదునుగా ఉంటే టైరు పక్కకి తగిలి కోసుకుంటుంది, కాళ్లకీ తగులుతుంది.

2. 75 సెంటీమీటర్ల పైపు ముక్కని ప్లేటు ఒక చివర, అంచు నుంచి 6 సెంటీమీటర్లు లోపలికి, వెడల్పుకి సరిగ్గా మధ్యలో నిలబెట్టి ముందు రెండు మూడు చుక్కల వెల్డింగ్ పెట్టించండి. అప్పుడే ఆపి, మూలమట్టంతో రెండు వైపుల నుంచీ చూడండి. నిటారుగా ఉందంటేనే చుట్టూ ఫుల్ వెల్డింగ్. వెల్డర్ "చూశా సార్, కరెక్టే" అంటాడు, అయినా మీరు చూడండి. కింద ఒక డిగ్రీ వాలితే 6 మీటర్ల పైన 10 సెంటీమీటర్లు పక్కకి పోతుంది.

3. పైపు మొదట్లో నాలుగు వైపులా త్రికోణం ముక్కలు పెట్టించండి. ఇవి లేకుండా ఉత్త వెల్డింగ్ మీద వదిలేస్తే గాలికి అటూ ఇటూ ఊగి ఊగి అక్కడే పగులుతుంది.

4. పైపు కింద, ప్లేటుకి ఆనుకుని ఒక 6 ఎంఎం చిల్లు పెట్టండి. వాన నీళ్లు లోపల నిలబడితే మీకు కనపడకుండా లోపలి నుంచి తుప్పు తింటుంది.

5. అడుగు నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర ఒక చిల్లు, పైన చివరకి 5 సెంటీమీటర్ల కింద ఇంకో చిల్లు, ఒకటి ముందుకి ఉంటే ఇంకోటి పక్కకి ఉండేలా. చిల్లుల మీద 10 ఎంఎం నట్లు వెల్డ్ చేయించి బోల్టులు ఎక్కించండి. మాస్ట్ లోపల పెట్టాక ఈ బోల్టులు బిగిస్తే ఆ రెండు ఎంఎం వదులు పోతుంది. రెండూ ఒకే వైపు పెడితే రెండో దిక్కులో ఊగుతూనే ఉంటుంది, ఇది చాలామంది చేసే పొరపాటు.

6. మాస్ట్ ముక్కలు కలపడానికి 40 సెంటీమీటర్ల ఒకటింపావు ముక్కలు. ఒక్కో ముక్క సగం కింది పైపు మీద, సగం పై పైపు మీద వస్తుంది. కింది సగాన్ని వెల్డ్ చేయించేయండి, పై సగానికి అడ్డంగా 8 ఎంఎం బోల్టు. మూడు ముక్కలకీ పెయింటుతో 1, 2, 3 అని రాసుకోండి, ప్రతి అతుకు దగ్గరా పైకీ కిందికీ కలిపి ఒక గీత గీయండి. ఎందుకంటే బోల్టు చిల్లులు ఒక్క పొజిషన్‌లోనే కలుస్తాయి, చీకట్లో టార్చి పట్టుకుని తిప్పుకుంటూ కూర్చోవాల్సిన పని తప్పుతుంది.

7. రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు, పైన రంగు. వెల్డింగ్ పెట్టిన చోట జీఐ పూత కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది, అక్కడ ఇంకో కోటు ఎక్కువ వేయండి.

వెల్డింగ్ ఎందుకు, ప్లంబింగ్ షాపులో దొరికే ఫ్లాంజ్ బిగించి దానికి పైపు తిప్పేస్తే పోదా అని అడుగుతారు. చేయొచ్చు, 3 మీటర్ల లోపు తేలిక గడకి పర్వాలేదు. కానీ మరలు కోసిన చోట పైపు గోడ సగం పల్చనైపోతుంది, బరువంతా పడేది సరిగ్గా అక్కడే. పెద్ద మాస్ట్‌కి నేనైతే వాడను.

ఫైబర్ గ్లాస్ టెలిస్కోపిక్ గడ ఉన్నవాళ్లు పైపు సైజుల గొడవే పెట్టుకోవద్దు. గడని స్టాండు పైపు పక్కన ఆనించి, మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క పెట్టి, కింద ఒకటి పైన ఒకటి హోస్ క్లిప్పులో బెల్టులో వేసి బిగించండి చాలు. మరీ గట్టిగా తిప్పితే ఫైబర్ చిట్లుతుంది, గడ చేత్తో తిప్పితే తిరగకుండా ఉంటే ఆపేయండి. చేపల గాలం కర్రలు కొనేటప్పుడు కార్బన్ అని రాసున్నవి వద్దు, కార్బన్ కరెంటుని పోనిస్తుంది, నిలువు వైరు యాంటెన్నా దాని మీద చుడితే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) ఎంత తిప్పలు పడినా దారికి రాదు.

కారు ఎలా ఎక్కించాలి

ప్లేటుని వెనక చక్రం ముందు అడ్డంగా పెట్టండి, పైపు ఉన్న చివర కారు బయటికి, మిగతాది కారు కిందికి పోయేలా. కారు మెల్లగా ముందుకి పోనిచ్చి టైరు ప్లేటు వెడల్పు మధ్యలోకి వచ్చాక ఆపండి. కారు ఎక్కించేటప్పుడు ఎవరూ ప్లేటుని చేత్తో కాలితో పట్టుకుని ఉండకూడదు. హ్యాండ్ బ్రేకు, గేరు, రెండూ. టైరు పక్కకీ పైపుకీ మధ్య ఒక అరచెయ్యి పట్టేంత ఖాళీ ఉండాలి, వెనక డోరు తెరిచి చూసుకోండి.

చిన్న కారైనా చక్రం మీద చాలా బరువు ఉంటుంది కాబట్టి ప్లేటు కదలదు. కానీ ఇది అన్ని దిక్కుల్లో ఒకేలా పట్టుకోదు. కారుకి అడ్డంగా, అంటే మాస్ట్ కారు మీదకి గానీ కారు నుంచి బయటికి గానీ వాలే దిక్కులో బలంగా ఉంటుంది, ప్లేటు పొడుగు అటే ఉంది కదా. కారు ముందుకీ వెనక్కీ వాలే దిక్కులో ప్లేటు వెడల్పు పాతికే సెంటీమీటర్లు, అది బలహీనం. అందుకే గాలి ఉన్నా లేకపోయినా ముందుకొకటి వెనక్కొకటి తాడు కట్టాల్సిందే.

పరీక్ష చేసుకోవాలంటే, మాస్ట్ కింది ముక్క ఒక్కటే పెట్టి, మీటరున్నర ఎత్తులో తాడు కట్టి దానికి వేలాడదీసే స్ప్రింగ్ త్రాసు తగిలించి కారు పొడుగు దిక్కులో లాగండి. 10 కిలోలు చూపించేదాకా లాగినా ప్లేటు అంచు నేల నుంచి లేవకూడదు. లేచిందంటే టైరు మధ్యలో లేదు, లేదా కింద నేల ఎగుడుదిగుడుగా ఉంది. కారు కదిపి మళ్లీ చేయండి.

ఇంకోటి, కారు తాళం చెవి మాస్ట్ బోల్టుకే తగిలించి పెట్టండి. టీ కోసమో భోజనం కోసమో ఎవరో ఒకరు కారు తీస్తారు, మాస్ట్ సంగతి గుర్తుండదు. చెవి కోసం మాస్ట్ దగ్గరికే రావాల్సి వస్తే మర్చిపోయే అవకాశం లేదు.

డాబా మీదకి

20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్టు చాలు. మధ్యలో రెండు అంగుళాల పీవీసీ పైపు ముక్క నిలబెట్టి చుట్టూ కాంక్రీటు పోస్తే ఆరాక 45 కిలోల దాకా తూగుతుంది. పీవీసీ ముక్క అడుగుకి టేపు వేసి మూయండి, లేకపోతే కాంక్రీటు లోపలికి వచ్చేస్తుంది. నిటారు చూసుకోవడం ఇక్కడా అంతే. వారం రోజులు తడుపుతూ ఉంచి తర్వాత వాడండి. రోజూ మోయలేమంటే కాంక్రీటు వద్దు, ఖాళీ బకెట్టు పట్టుకెళ్లి అక్కడే ఇసుక నింపండి, 30 కిలోల దాకా వస్తుంది. పాత కారు టైరులో కాంక్రీటు పోసి వాలీబాల్ స్తంభాలకి చేసినట్టు చేసుకుంటే బరువెక్కువే కానీ ఒక్కరే దొర్లించుకుని పోవచ్చు, అడుగు కూడా వెడల్పు.

కానీ ఒకటి అర్థం చేసుకోండి. 45 కిలోల బకెట్టు దానంతట అది 6 మీటర్ల మాస్ట్‌ని నిలబెట్టలేదు, అడుగు ఒక అడుగు వెడల్పే కదా, ఓ మోస్తరు గాలికే ఒరుగుతుంది. బకెట్టు పని కాలు జారకుండా చూడటం వరకే, నిలబెట్టేది తాళ్లు. తాళ్లు లేకుండా బకెట్టు మీద మాస్ట్ వదిలేసి కిందికి దిగిపోయినవాళ్లని చూసి నాకు భయమేసింది, డాబా మీద నుంచి పడితే వీధిలో పడుతుంది.

డాబా మీద మేకులు కొట్టలేం. మన ఇళ్లమీద పై అంతస్తు కోసం వదిలేసిన పిల్లర్ల ఊచలు ఉంటాయి చూడండి, వాటికంటే మంచివి దొరకవు. ఊచ మొదట్లో, కాంక్రీటుకి దగ్గరగా కట్టండి, చివరన కడితే వంగుతుంది. తుప్పు అంచులు తాడుని కోస్తాయి, ముందు సైకిల్ ట్యూబు చుట్టి దాని మీద ముడి వేయండి. పిట్టగోడకి కట్టొద్దు, నాలుగంగుళాల ఇటుక గోడ పక్కకి లాగితే తట్టుకోదు. వాటర్ ట్యాంకుకి అసలు వద్దు, నీళ్లు అయిపోతే అది ఖాళీ డబ్బా.

పొలంలో, కొండ మీద: గునపం

కారు పోని చోట ఇదే. గునపాన్ని రెండడుగులు నేలలోకి దించి, దాని పక్కన వెదురు గానీ ఫైబర్ గడ గానీ ఆనించి రెండు చోట్ల తాడుతో గట్టిగా చుట్టేయండి. గడ అడుగున ఒక చెక్క ముక్కో చదును రాయో పెట్టండి, లేకపోతే మెత్తటి నేలలోకి దిగబడి తాళ్లన్నీ వదులైపోతాయి. వెదురు కలప అడితిలో ఎంచుకునేటప్పుడు కణుపులు దగ్గర దగ్గరగా, లోపల బోలు తక్కువగా ఉన్నది చూడండి, పచ్చిది వద్దు, బరువు. చివర్లు చీలకుండా బైండింగ్ వైరు నాలుగు చుట్లు వేయండి.

మాస్ట్ లేపడం

ఇద్దరుండాలి. ముగ్గురైతే ఇంకా మంచిది. ఒక్కరే ఉన్నప్పుడు 6 మీటర్ల ఇనుప మాస్ట్ లేపొద్దు, మూడు ముక్కలూ అతుకు పైపులతో కలిపి దగ్గర దగ్గర 17 కిలోలు, ఆ బరువు పైన ఊగుతుంటే ఒక్కరు ఆపలేరు. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఫైబర్ గడ కొనుక్కోండి.

1. కాలు ఎక్కడో ఖరారు చేసుకుని అక్కడి నుంచి 3 మీటర్ల తాడు కొలిచి గుండ్రంగా మూడు చోట్ల గుర్తు పెట్టండి. గుర్తుకీ గుర్తుకీ మధ్య 5.2 మీటర్లు వస్తే మూడూ సమాన దూరంలో ఉన్నట్టు. చోటు ఉంటే 4 మీటర్ల దూరం తీసుకోండి, అప్పుడు మధ్య దూరం 6.9. ఎంత దూరంగా ఉంటే తాడు మీద అంత తక్కువ భారం. కారు ప్లేటు అయితే మూడింట్లో ఒకటి సరిగ్గా కారు ముందు వైపు పోయేలా చూసుకోండి, మిగతా రెంట్లో ఒకటి వెనక్కి వస్తుంది, ఇంకోటి కారు మీదుగా పోతుంది. కారు అడ్డమైతే నాలుగు తాళ్లు వేసేయండి, దాంట్లో తప్పేం లేదు.

2. ఊచ మేకుల్ని మాస్ట్ నుంచి బయటికి వాలేలా కొట్టండి, పై చివర మాస్ట్‌కి దూరంగా ఉండాలి. 60 సెంటీమీటర్లలో 50 లోపలికి పోవాలి. తాడు మేకు పైన కాదు, నేలకి ఆనుకుని కట్టాలి. ఇసుకలో, సముద్రం ఒడ్డున మేకు పని చేయదు. సిమెంటు బస్తాలో ఇసుక నింపి దానికి తాడు కట్టి రెండడుగుల లోతున పూడ్చేయండి.

3. మాస్ట్‌ని నేల మీద పడుకోబెట్టి మొత్తం కలపండి. 4 మీటర్ల ఎత్తులో తాళ్లు కట్టండి, మాస్ట్‌కి అక్కడ చిన్న బోల్టో రింగో ఉంటే తాడు కిందికి జారదు. పైన డైపోల్, కోయాక్స్ (రేడియో నుంచి యాంటెన్నాకి పోయే కేబుల్) కూడా ఇప్పుడే కట్టేయాలి. కోయాక్స్‌ని మాస్ట్‌కి రెండు మూడు చోట్ల టేపు వేయండి, బరువంతా కనెక్టర్ మీద వేలాడకూడదు. ఫైబర్ గడకి ఆర్‌జీ 213 లాంటి లావు కేబుల్ కట్టొద్దు, 10 మీటర్లు కిలోన్నర బరువు, గడ చివర విల్లులా వంగిపోతుంది. ఆర్‌జీ 58 అయితే నాలుగొందల గ్రాములు.

4. రెండు తాళ్లు ముందే కొలిచి మేకులకి కట్టేయండి. ఒకరు మాస్ట్ కాలు దగ్గర కాలు అడ్డం పెట్టి నిలబడాలి, ఇంకొకరు పై చివర నుంచి చేతులు మార్చుకుంటూ కాలు వైపు నడుస్తూ లేపాలి, మూడో మనిషి మూడో తాడు పట్టుకుని లాగాలి. తొందర వద్దు, ఎవరు మాట్లాడినా ఒక్కరి మాటే వినాలి, అది ముందే అనుకోండి. ప్లేటు స్టాండు అయితే నిలబెట్టాక ఎత్తి పైపులో దించాలి, అందుకే కింది ముక్క ముందు పైపులో బిగించి, పై రెండు ముక్కలూ కలిపి దాని మీద దించడం తేలిక. కారు డోరు అంచు మీదో బానెట్ మీదో ఎక్కి చేయొద్దు, స్టూలు తెచ్చుకోండి.

5. ఫైబర్ గడ అయితే నిలబెట్టాకే, సన్న ముక్క నుంచి మొదలుపెట్టి ఒక్కోటీ లాగి కొంచెం తిప్పి బిగించండి. ప్రతి అతుకు మీద ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు. ఇది చేయకపోతే గాలికి ఊగి ఊగి మధ్యలో ఒక ముక్క సర్రున కిందికి దిగిపోతుంది, వేళ్లు అక్కడ ఉంటే నలుగుతాయి.

6. తాళ్లు బిగించండి. టెంటు తాళ్లకి ఉండే చిల్లుల ప్లాస్టిక్ ముక్కలు దొరికితే పని సులువు. లేకపోతే మేకు చుట్టూ తిప్పి తెచ్చిన కొసని మాస్ట్ నుంచి దిగే తాడు చుట్టూ లోపలి వైపు రెండు చుట్లు, బయటి వైపు ఒక చుట్టు వేసి బిగిస్తే, ముడిని చేత్తో తోస్తే జరుగుతుంది, మాస్ట్ లాగితే మాత్రం బిగుసుకుంటుంది. వీణ తీగలా బిగించొద్దు, వేలితో నొక్కితే కొంచెం ఆడాలి. మరీ బిగిస్తే మాస్ట్ మధ్యలో వంకర తిరుగుతుంది.

చాలామంది డైపోల్ రెండు చేతులే తాళ్లలా పట్టుకుంటాయి కదా అని వదిలేస్తారు. అవి రెండే దిక్కులు, మాస్ట్ మూడో దిక్కులో హాయిగా పడుతుంది. పైగా భారమంతా సన్న వైరు మీద పడి అది సాగి, పొడవు మారి, ఎస్‌డబ్ల్యూఆర్ కూడా జరిగిపోతుంది.

7 మెగాహెర్ట్జ్ డైపోల్‌కి 143ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది, 7.1కి 20 మీటర్ల పైచిలుకు, ఒక్కో చేయి 10. చివర్లు నేల నుంచి 2 మీటర్ల పైన ఉండాలి, ట్రాన్స్‌మిట్ చేస్తుంటే చివర్లలో వోల్టేజీ ఎక్కువ, పిల్లలో పశువులో తగలకూడదు. చివరి తాళ్లతో కలిపి చోటు ఒక 24 మీటర్లు కావాలి, అది ముందే అడుగులతో కొలుచుకోండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి

మేస్త్రీలు వాడే తూకం గుండు చేతిలో వేలాడదీసి దారాన్ని మాస్ట్‌కి ఎదురుగా పెట్టి చూడండి, ఒకసారి ముందు నుంచి, ఒకసారి పక్క నుంచి. ఒక్క వైపు నుంచే చూస్తే వాలు తెలీదు.

ప్రతి తాడునీ మేకు దగ్గర పట్టుకుని లాగి, మేకు వెనక మట్టి చూడండి. మట్టిలో సన్నని పగులు వచ్చిందంటే ఆ మేకు ఊడటం మొదలైనట్టే, పక్కన ఇంకోటి కొట్టి రెండూ కలిపి కట్టండి. నేనిది ఒకసారి వదిలేశాను. ముందు రోజు రాత్రి వాన పడింది, నేల పైకి ఆరినట్టే ఉంది, మేకు తేలిగ్గా దిగిపోతే సంతోషపడ్డాను. తేలిగ్గా దిగినది తేలిగ్గానే వస్తుందన్న ఆలోచన రాలేదు. సాయంత్రం గాలి లేచాక మేకు ఒక్కసారిగా వచ్చేసింది, మాస్ట్ వచ్చి పడిన చోటికి రెండు అడుగుల్లో స్నేహితుడి కొడుకు చాప మీద కూర్చుని లాగ్ బుక్ రాస్తున్నాడు. పిల్లాడికి ఏం కాలేదు. అప్పటి నుంచి చాప, కుర్చీ, బ్యాటరీ అన్నీ మాస్ట్ పొడవుకి అవతలే వేస్తున్నాను, మీరూ అలాగే వేయండి.

లేపిన 20 నిమిషాలకి తాళ్లు మళ్లీ బిగించాలి, కొత్త ముళ్లు సర్దుకుంటాయి. తర్వాత గంటకోసారి చేత్తో తాకి చూస్తే చాలు.

ఎస్‌డబ్ల్యూఆర్ నానోవీఎన్‌ఏతో (యాంటెన్నా కొలిచే చిన్న పరికరం) గానీ మీటరుతో గానీ చూడండి, 1.5 లోపు ఉంటే ఇంకేం కెలకొద్దు. గాలి వీచినప్పుడల్లా రీడింగ్ ఎగిరి పడుతుంటే యాంటెన్నా పొడవు తప్పు కాదు, ఎక్కడో కనెక్టరో టంకమో వదులుంది, వైరు కోసేయకండి. తక్కువ ఫ్రీక్వెన్సీలో బాగుండి కావాల్సిన చోట ఎక్కువ చూపిస్తే అప్పుడు రెండు వైపులా సమానంగా, ఒక్కోసారి 5 సెంటీమీటర్లే మడవండి. కోయొద్దు, మడిచి వైరుకే చుట్టండి, ఇంకో చోటికెళ్తే విప్పాల్సి రావొచ్చు.

వాన, ఉరుము

ఏప్రిల్, మే సాయంత్రాలు మనకి తెలిసినవే, పది నిమిషాల్లో మబ్బు కమ్ముతుంది. మబ్బు కనిపించగానే, ఉరుము వినకముందే కోయాక్స్ పీకి మాస్ట్ దించేయండి. ఉరుము వినిపించాక మాత్రం దించడానికి కూడా దగ్గరికెళ్లొద్దు, కేబుల్ ముట్టుకోవద్దు. పక్కా బిల్డింగ్‌లోకో, మాస్ట్‌కి దూరంగా ఉన్న ఇంకో కారులోకో వెళ్లిపోండి. మాస్ట్ ఆనుకుని ఉన్న కారులో కూర్చోవద్దు. రేడియో పోతే పోయింది.

దించి సర్దడం

లేపినప్పటి వరసకి తిరగేసి. కాలు బోల్టులు చివర్లో వదులు చేయాలి, ముందే వదిలేస్తే దించుతుంటే కాలు ఎగురుతుంది. ఫైబర్ గడ అతుకులు దుమ్ముతో పట్టేస్తే పట్టకారుతో తిప్పకండి, చిట్లుతుంది. చెక్క ముక్క మీద నిలువుగా పెట్టి మెల్లగా తాటించండి, చన్నీళ్లు పోసి ఇంకోసారి తాటించండి, వస్తుంది. మేకులు పక్కలకి కొట్టి కదిలించాక లాగితే వస్తాయి. నాలుగు కొట్టామా నాలుగు తీశామా అని లెక్క చూసుకోండి, పొలంలో వదిలేసిన ఊచ ట్రాక్టర్ టైరుకో పశువు కాలికో దిగుతుంది. తాళ్లు తడిస్తే ఇంటికెళ్లి నీడలో ఆరేశాకే చుట్టండి, ప్లేటు మీద రంగు లేచిన చోట ఆ రాత్రే కొంచెం రెడ్ ఆక్సైడ్ పూసి పెట్టండి.